ఇంటి చదువు, కళాశాల గడప

పత్తర్‌గట్టి రాతి కమానుల వెనుక ఒక మేడ మీది గదిలో, సాయంకాలం ఆరు దాటిన తరువాత, కొందరు ఆడపిల్లలకు లెక్కలూ ఇంగ్లీషూ చెబుతూ కొన్నేళ్లుగా కాలం గడుపుతున్నాను. కింద పెళ్లిబట్టల దుకాణం. పైన ఒక చాప, ఒక నల్లబల్ల, ఒక చెక్క బీరువా. వచ్చే పిల్లలెవరూ బడికి పోరు. ఒకరు ఏడవ తరగతిలో మానారు, మరొకరు తొమ్మిదిలో. పగలంతా ఇంట్లో కూర్చుని జరీ పని చేస్తారు. పెళ్లిళ్ల కాలం వస్తే రాత్రులు కూడా చేస్తారు. వారిలో పదహారేళ్ల అమ్మాయి ఒకతె, తెలుగూ దక్కనీ కలగలిసిన తన మాటల్లో, ఒకనాడు నన్ను అడిగింది: “సార్, నేను నేర్చుకున్నది నాకు తెలుసు, మీకు తెలుసు. కాలేజీవాళ్లకు ఎట్ల తెలుస్తది?”

ఆ వారంలోనే అమెరికాలో వున్న మా బంధువుల సంగతి ఒకటి చెవిన పడింది. వారి అమ్మాయికీ పదహారేళ్లే. ఆమె కూడా బడికి పోదు. తల్లే ఇంట్లో చదువు చెబుతుంది. ఐతే ఆ అమ్మాయి ఇప్పటికే కొన్ని పరీక్షలు రాసి, రేపు చేరబోయే కళాశాల లెక్కలో కొంత చదువు జమ వేయించుకున్నది. దానిని వారు క్రెడిట్ అంటారు. అక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు 1955 నుంచీ, క్లెప్ అనే పరీక్షలు 1967 నుంచీ వున్నాయి. రెండవ దానికైతే ఎక్కడ చదివావు, ఎవరు చెప్పారు అన్న ప్రశ్నే లేదు. వచ్చినదేదో కాగితం మీద చూపించాలి, అంతే. కళాశాలలో అదే పాఠానికి కట్టవలసిన సొమ్ములో చిన్న భాగంతో పని గడిచిపోతుంది.

ఇద్దరివీ ఇంటి చదువులే. ఒకరి చదువుకు జమ వుంది, మరొకరి చదువుకు లేదు. ఈ తేడాను తెలివితేటలకు అంటగట్టేవారు కొందరు వుంటారు. అమెరికా డబ్బున్న దేశం, మనకెక్కడ సాధ్యం అని చేతులు దులుపుకొనేవారు అంతకంటె ఎక్కువమంది. రెండూ సోమరి సమాధానాలే. ఇంట్లో నేర్చిన విద్యను పరీక్షించి కళాశాలలోకి తీసుకోవడమనేది మన నగరానికి కొత్త కాదు. దానికి నూటయాభై ఏళ్ల చరిత్ర వుంది. దాని తొలి అంకం నేను పాఠం చెప్పే గదికి కూతవేటు దూరంలోనే మొదలయింది.

పత్తర్‌గట్టి అంగళ్ల వరస ఇప్పటి రూపానికి వచ్చింది 1908 మూసీ వరద తరువాతనే. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఈ రాతి కమానులను కట్టించింది. దాని పక్కనున్న దివాన్ దేవిడీ మాత్రం అంతకు చాలా ముందుది. 1853 నుంచి 1883 వరకు హైదరాబాదు రాజ్యానికి దివానుగా వుండిన మొదటి సాలార్‌జంగ్ నివాసం అది. విద్య విషయంలో ఆయన రెండు పనులు చేశాడు. 1850ల మధ్యలో దారుల్ ఉలూం అనే ప్రాచ్య విద్యాలయాన్ని పెట్టాడు. అక్కడి విద్యార్థులు మున్షీ, మౌల్వీ వంటి పట్టాల కోసం ఎక్కడో లాహోరులో వున్న పంజాబు విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చునేవారు. 1870లలో తన కుమారుల కోసం, కులీనుల పిల్లల కోసం మదరసా-ఎ-ఆలియా అనే చిన్న బడిని పెట్టాడు. ఆ బడీ, హైదరాబాదు స్కూలు అనే మరొక సంస్థా కలిసి 1887లో నిజాం కాలేజీ అయినాయి. మద్రాసు విశ్వవిద్యాలయం దానిని తన అనుబంధ కళాశాలగా స్వీకరించింది. 1947 వరకు ఆ సంబంధం కొనసాగింది.

దీనిలోని వర్గ స్వభావాన్ని గమనించండి. దివానుగారి కుమారులకు కళాశాల గడప ఎక్కవలసిన అవసరమే కలగలేదు. వారి ఇంటి బడే కాలక్రమాన కళాశాలగా మారింది. పిల్లలు విశ్వవిద్యాలయానికి పోవడం కాదు, విశ్వవిద్యాలయమే పిల్లల దగ్గరకు వచ్చింది! జాగీర్దారీ వ్యవస్థలో ‘ఇంటి చదువు’ అన్న మాటకు అర్థం అది. ఖర్చు రైతులది, చదువు నవాబులది.

ఐతే అదే కాలంలో మరొక ఇంట్లో జరిగిన కథ ఇంత సూటిగా తేలదు. నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాలుగా పేరు వున్న అఘోరనాథ చట్టోపాధ్యాయ కుమార్తె సరోజిని 1879లో ఈ నగరంలోనే పుట్టింది. తండ్రి ఎడింబరోలో సైన్సు డాక్టరేటు పొందినవాడు. కూతురిని గణితశాస్త్రవేత్తను చేయాలని ఆయన కోరిక. చదువులో ఎక్కువ భాగం ఇంట్లోనే తండ్రి చేతిమీదుగా సాగింది. 1891లో, పన్నెండేళ్ల ప్రాయంలో, ఆమె మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షలో కృతార్థురాలయింది. ఆ వార్తతో దేశమంతటా పేరు వచ్చింది. 1895లో నిజాం ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఇంగ్లండు పోయింది.

మన పాఠ్యపుస్తకాలు దీనిని బాల మేధావి కథగా చెబుతాయి. మేధ లేదని ఎవరంటారు? కాని నాకు ఆ కథలో ఆసక్తి కలిగించేది ఆ పరీక్ష. మెట్రిక్యులేషన్ అనేది ఆనాడు బడి పెట్టే పరీక్ష కాదు, విశ్వవిద్యాలయం తానే పెట్టే పరీక్ష. అంటే పన్నెండేళ్ల పిల్లకూ విశ్వవిద్యాలయానికీ మధ్య ఒక ప్రశ్నపత్రం తప్ప మరేమీ లేదు. నీకు వచ్చునా రాదా అన్నదే ప్రశ్న. ఈ ఏర్పాటు మన పాలకుల ఔదార్యం వల్ల వచ్చింది కాదు. 1857లో మద్రాసు, బొంబాయి, కలకత్తా విశ్వవిద్యాలయాలను లండన్ విశ్వవిద్యాలయం నమూనా మీద పెట్టారు. వాటికి బోధనతో పని లేదు, పరీక్షలు పెట్టి పట్టాలివ్వడమే వాటి ఉద్యోగం. మరుసటి యేడే, 1858లో, లండన్ విశ్వవిద్యాలయం ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఏ కళాశాలలోనూ చదవకపోయినా సరే, దాదాపు ఏ డిగ్రీ పరీక్షకైనా కూర్చోవచ్చునని తలుపులు తెరిచింది. 1878లో స్త్రీలకు కూడా తెరిచింది. అక్కడి గుమాస్తాలు, బడిపంతుళ్లు రాత్రిపూట దీపం ముందు కూర్చుని చదివి డిగ్రీలు సంపాదించారు.

మరి నమూనా అదే ఐనప్పుడు మన గుమాస్తాలకూ, మన పంతుళ్లకూ ఆ హక్కు ఎందుకు రాలేదు? దీనికి జవాబు కర్జన్ కాలంలో వచ్చిన 1904 నాటి భారత విశ్వవిద్యాలయాల చట్టంలో వుంది. దాని పందొమ్మిదో సెక్షను ఏమంటుందంటే, సిండికేటు సిఫార్సు మీద సెనేటు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, మెట్రిక్యులేషన్ మినహా మరే పరీక్షకైనా అనుబంధ కళాశాల సర్టిఫికెట్టు లేకుండా ఎవరూ కూర్చోరాదు. చదువు ప్రమాణాలు పెంచడానికే ఇది అని సర్కారు చెప్పింది. అందులో కొంత నిజం లేకపోలేదు. వల్లెవేసి పరీక్ష గట్టెక్కడం అప్పటికే ఒక జబ్బుగా మారింది. కాని ఆ చట్టం వెనుక విద్యావంతులైన మధ్యతరగతి యువకులు పెరిగిపోతున్నారన్న భయం కూడా వుందని చరిత్రకారులు చెప్పినది తోసివేయరానిది. ఫలితం ఏమిటి? ఇంటి నుంచి గడప దాకా రావచ్చు, గడప దాటడానికి వీలు లేదు. లండనులో గుమాస్తాకు వున్న హక్కు హైదరాబాదులో గుమాస్తాకు లేకుండా పోయింది. వలస పాలనలో ఒకే నమూనా రెండు చోట్ల రెండు విధాలుగా పనిచేయడం మనకు తెలియని సంగతి కాదు.

తెలంగాణంలో ఈ గడపకు మరొక గొళ్లెం కూడా పడింది, అది భాష. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇంగ్లీషును కాదని ఒక దేశభాషలో ఉన్నతవిద్య బోధించడం గొప్ప సాహసమే. దానిని మనం ఎన్నడూ తక్కువ చేయరాదు. కాని ఆ రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు. ఉస్మానియా ఎంచుకున్నది ఉర్దూ. తల్లి దగ్గర తెలుగులో అక్షరాలు దిద్దుకున్న పిల్లకు ఇంటి చదువు కళాశాల వైపు ఒక్క అడుగు కూడా వేయించలేదు. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి పెట్టినప్పుడు ప్రభుత్వం గుర్తింపు ఇవ్వలేదు. అప్పుడు వారేం చేశారు? తమ పిల్లలను పూనాలో మహర్షి కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు పంపారు. 1916లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం దేశభాషలలో బోధనకు చోటిచ్చింది. ఇంట్లో వుండి చదివిన స్త్రీలను కూడా పరీక్షలకు కూర్చోనిచ్చింది. దానికే సర్కారు చట్టబద్ధమైన హోదా 1951 దాకా లేదు. ఒక గుర్తింపు లేని బడి, మరొక గుర్తింపు లేని విశ్వవిద్యాలయం పట్టా ఆధారంగా తన పిల్లలను నిలబెట్టుకున్నదన్న మాట! దారుల్ ఉలూం లాహోరు వైపు చూసింది, నారాయణగూడ పూనా వైపు చూసింది. తన ఊరి గడప మూసివుంటే మనిషి పక్కూరి గడప వెతుక్కోవడం సహజం.

కాశీ వైపు చూసినవారు కూడా వున్నారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ ఘట్టమే కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగుతాను.

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిసిన తరువాత ఆ పెళ్లిని ఆమె కాదన్నది. బడిలో ఇంగ్లీషు మాధ్యమాన్ని రుద్దినందుకు నిరసనగా చిన్నతనంలోనే బడి మానివేసింది. తాను హిందీ నేర్చుకుని, నేర్చినంత మేరకు తోటి ఆడపిల్లలకు చెప్పడానికి ఒక పాఠశాల పెట్టింది. 1923 కాకినాడ కాంగ్రెసు సమయంలో ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా వుండి, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపివేసిన పిల్ల ఈమే. (ద్వారం దగ్గర నిలబడి నియమం అందరికీ ఒక్కటే అన్న పిల్ల, తరువాత తన జీవితమంతా ద్వారాలు తెరిపించడానికే వెచ్చించింది.) ఉప్పు సత్యాగ్రహం తరువాత జైళ్లు తిరిగి బయటికి వచ్చేసరికి ఆమె యువతి, చేతిలో బడి కాగితం ఒక్కటీ లేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి నెగ్గింది. ఆ మీదట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం.

ఇంతవరకూ ఇది ఒక్క వ్యక్తి కథ. సరోజిని కథకు జైలు జోడించినట్టుంటుంది. అసలు విషయం తరువాతది. తాను ఎక్కిన నిచ్చెనను ఆమె తీసివేయలేదు. మద్రాసు మైలాపూరులో తన ఇంటి చుట్టుపక్కల ఆడపిల్లలను చేరదీసి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. 1937లో అది ఆంధ్ర మహిళాసభగా రూపొందింది. బడి వయసు దాటినవారిని, విధవలను, భర్తలు వదలివేసినవారిని కూర్చోబెట్టి, ఏళ్ల తరబడి సాగే చదువును రెండేళ్లకు కుదించి, అదే కాశీ మెట్రిక్‌కు సిద్ధం చేశారు. కాశీ విశ్వవిద్యాలయం ఇచ్చింది పరీక్ష మాత్రమే. గది, పుస్తకం, ఉపాధ్యాయురాలు, భోజనం, ‘నీవు చదవగలవు’ అని రోజూ చెప్పే నోరు, ఇవన్నీ సభ సమకూర్చింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె అధ్యక్షురాలైన తరువాత, 1958లో ఇదే పద్ధతి కుదించిన విద్యాక్రమం పేరుతో దేశమంతటికీ పాకింది.

పరీక్ష తలుపు తెరవడం ఒక పని. ఆ తలుపు దాకా పిల్లను నడిపించడం రెండవ పని. సరోజిని ఇంట్లో రెండవ పని చేయడానికి డాక్టరేటు వున్న తండ్రి వున్నాడు, మా బంధువుల ఇంట్లో తీరిక వున్న తల్లి వుంది. మైలాపూరులో ఆ పని ఒక సంఘం చేసింది. ‘స్వయంకృషి’ అని మనం పొగిడే ప్రతి ప్రైవేటు విద్యార్థి వెనుకా ఎవరిదో జీతం లేని శ్రమ దాగి వుంది. ఆ శ్రమ ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

స్వాతంత్ర్యం వచ్చిన ముప్ఫయి అయిదేళ్లకు, 1982లో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది. దేశంలో అటువంటిది అదే మొదటిది. ఉస్మానియాలో పనిచేసిన జి. రామరెడ్డి దానికి తొలి వైస్ ఛాన్సలర్. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటరు లేకపోయినా అర్హత పరీక్ష నెగ్గితే డిగ్రీలో చేరవచ్చునన్న నిబంధనతో అది మొదలయింది. 1904 చట్టం వేసిన గొళ్లెం ఊడింది ఆనాడే అని నేననుకుంటాను. బస్సు కండక్టర్లు, గృహిణులు, కిందిస్థాయి ఉద్యోగులు ఆ దారిన వచ్చి డిగ్రీలు పొందారు. ఐతే ఆ అర్హత పరీక్షకు పద్ధెనిమిదేళ్లు నిండివుండాలన్నారు. పదహారేళ్ల పిల్ల సంగతి ఆ ఏర్పాటు లెక్కలోకి రాలేదు.

ఆ వయసు పిల్లకు మిగిలినది సార్వత్రిక పాఠశాల. జాతీయ స్థాయిలో 1989లోనూ, మన రాష్ట్రంలో 1991లోనూ అవి వచ్చాయి. జాతీయ సంస్థ పద్ధతిలో పదో తరగతికి పద్నాలుగేళ్లు, పన్నెండో తరగతికి పదిహేనేళ్లు నిండితే చాలు. ఒకసారి పేరు నమోదు చేసుకుంటే అయిదేళ్లు చెల్లుతుంది. తొమ్మిదిసార్లు పరీక్షకు కూర్చోవచ్చు. ఒక్కొక్క సబ్జెక్టే నెగ్గుతూ పోతే అవి జమ అవుతూ వుంటాయి. వేరే బోర్డులో నెగ్గిన రెండు సబ్జెక్టుల వరకు ఇక్కడికి బదిలీ చేసుకోవచ్చు. జరీ పని చేసే పిల్లకు ఇది ఎంత అనువైనదో చెప్పనవసరం లేదు. పెళ్లిళ్ల కాలంలో ఒక సబ్జెక్టు, పని లేని కాలంలో రెండు. కాగితం మీద చూస్తే ఇంతకంటె ప్రజాస్వామికమైన నిబంధనలు మరొకచోట దొరకవు.

కాగితం దిగి సందులోకి వస్తే మరొక దృశ్యం. మా పిల్లలలో ఇద్దరిని వారి తండ్రులు, నాకు చెప్పకుండానే, ఒక కేంద్రంలో చేర్పించారు. నమోదు రుసుముకు కొన్ని రెట్లు వసూలు చేశారు. ‘పరీక్ష సంగతి మేం చూసుకుంటాం, పుస్తకం తెరవనక్కరలేదు’ అన్నారట. ఒక పిల్ల పేరు తప్పు పడింది, రెండవదానికి హాల్ టిక్కెట్టే రాలేదు. డబ్బు తిరిగి రాలేదు. ఒక తండ్రి నాతో, “చదువు పేరుతో మోసపోయినం, ఇంక చాలు సార్” అన్నాడు. ఆయనను ఒప్పించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. రెండవ ఇంటివారు ఇంతవరకూ ఒప్పుకోలేదు. మహిళాసభ చేసిన పనిని ఏ సంఘమూ చేయని చోట దళారీ వచ్చి కూర్చుంటాడు. ఖాళీ స్థలం ఖాళీగా వుండదు.

ఇక్కడ మన మిత్రులలో కొందరు వేసే ఆక్షేపణను ఎదుర్కోవాలి. ప్రతి పిల్లకూ మంచి ప్రభుత్వ బడి వుండాలని కోరవలసినవాళ్లం మనం. బడి బయట చదివించే ఏర్పాట్లను పొగడడం, ప్రభుత్వం తన బాధ్యతను వదలించుకోవడానికి సాయం చేసినట్టు కాదా? సార్వత్రిక విద్య అనేది చౌకబారు విద్య, పేదలకు రెండవ రకం పట్టా కాదా? ఉపాధ్యాయ సంఘం సభలో ఈ మాటలే నేను ఒకప్పుడు గట్టిగా అన్నాను. ఇప్పటికీ సగం నిజమని నమ్ముతున్నాను. బడులు మూసివేసి ‘ఇంట్లో చదువుకోండి’ అనే సర్కారును నమ్మరాదు. ఫోనులో పాఠం వుంది కదా అని పంతులు పోస్టు భర్తీ చేయని అధికారిని అసలే నమ్మరాదు. కాని సిద్ధాంతం పేర మనం కోరే బడి కట్టేలోగా ఈ అమ్మాయికి ఇరవై ఏళ్లు నిండుతాయి. నారాయణగూడ వారు నిజాం సర్కారు తెలుగును గుర్తించేదాకా ఆగివుంటే ఒక తరం ఆడపిల్లలు మెట్రిక్ మొహం చూసేవారు కారు. వారు గుర్తింపు కోసం పోరాడడం మానలేదు. ఈలోగా పూనాకు పంపడం కూడా మానలేదు. రెండు పనులూ ఒకేసారి చేయడం అవకాశవాదం కాదు.

క్రెడిట్ సంగతికి వస్తే, ఆ మాట ఇప్పుడు మన ప్రభుత్వ పత్రాలలోకి కూడా వచ్చింది. 2020 నాటి విద్యావిధానం తరువాత 2021లో క్రెడిట్ల బ్యాంకు ఏర్పాటయింది. 2023లో జాతీయ క్రెడిట్ చట్రం వచ్చింది. బడి నుంచి డాక్టరేటు దాకా ఏడాదికి 1200 గంటల చదువుకు 40 క్రెడిట్లని లెక్క కట్టింది. 2017లో మొదలైన స్వయం వేదిక మీద తొమ్మిదో తరగతి నుంచి పై చదువుల దాకా పాఠాలు ఉచితంగా దొరుకుతున్నాయి. అంటే పేరుకు అన్నీ వున్నాయి. కాని ఆ క్రెడిట్ డిగ్రీ లెక్కలో పడాలంటే ముందుగా ఏదో ఒక కళాశాలలో విద్యార్థిగా వుండాలి. కళాశాల సర్టిఫికెట్టు లేనిదే పరీక్ష లేదన్న 1904 నాటి ఆలోచనకు ఇది దూరపు చుట్టం కాదు, దగ్గర చుట్టమే. పదహారేళ్లప్పుడు ఇంట్లో కూర్చుని డిగ్రీ మొదటి ఏడాది గణితం నేర్చిన పిల్లకు, రేపు కళాశాలలో చేరిన రోజున, ఆ నేర్చినది జమ పడే దారి మనం ఇంకా వేయలేదు. సార్వత్రిక విశ్వవిద్యాలయమూ, సార్వత్రిక పాఠశాలా ఒకే నగరంలో కార్యాలయాలు పెట్టుకుని వున్నాయి. ఒకదాని చివరి ఏడాదిలో వున్న పిల్ల మరొకదాని మొదటి ఏడాది పరీక్ష ఒకటో రెండో రాస్తే, ఆ మార్కులను ఆమె పేర దాచివుంచడం కష్టమైన పనేమీ కాదు. పరీక్ష రుసుము మాత్రం జరీ పని చేసే ఇల్లు ఒక వారం కూలితో కట్టగలిగేటట్లుండాలి. విద్యార్థి సంఘాలు సీట్ల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం ఉద్యమిస్తాయి. ఈ కోరిక వారి పత్రాలలో నాకెక్కడా కనబడలేదు.

నన్ను ప్రశ్న వేసిన అమ్మాయి మొన్న విడత ఇంగ్లీషూ, గృహవిజ్ఞానమూ రాసింది. లెక్కలు వచ్చే విడతకు పెట్టుకున్నాం. ఆదివారాలు నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌లోని కేంద్ర గ్రంథాలయానికి వెళ్లడానికి తల్లి ఒప్పుకుంది, తమ్ముడు వెంట వుండాలన్న షరతు మీద. 1891లో పుట్టిన ఆ గ్రంథాలయంలో పాత ప్రశ్నపత్రాల కోసం వెతికితే దొరకలేదు. మా బీరువాలో వున్నవి నాలుగేళ్ల నాటివి. వాటితోనే చేస్తున్నాం. తమ్ముడు పక్కన కూర్చుని బొమ్మల పుస్తకాలు తిరగేస్తాడు. వాడూ ఈ ఏడు బడి మానాడని నాకు మూడో ఆదివారం గాని తెలియలేదు.